మోగని సైరన్

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది ప్రాణాలు పోయాయి, పశువులూ చచ్చాయి. సైరన్ మోగలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. గాలివాటానికి అడ్డంగా తప్పుకుని మెరకకు చేరాలని ముందే తెలిసుంటే కొందరైనా బతికేవారేమో.

చుట్టుపక్కల జనానికి ఈ సంగతులు ముందుగా చెప్పి తీరాలని 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోనే ఉంది. ఫ్యాక్టరీ గోడ బయట ఊళ్ల కోసం అత్యవసర ప్రణాళిక తయారు చేయాల్సింది జిల్లా యంత్రాంగం. భూములు తీసుకునేటప్పుడు ఇంటింటికీ తిరిగే అధికారులకు ఈ పనికి మాత్రం తీరిక దొరకదు!

ఫ్యాక్టరీల పక్క గ్రామాల్లోని మన సంఘం శాఖలు వచ్చే గ్రామసభలోనే ఆ ప్రణాళిక ప్రతిని తెలుగులో ఇమ్మని అడగాలి. సైరన్ మోగించి చూపించమనాలి. రాసి ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవడం మరవొద్దని కోరుతున్నాం.