వెనక లైటు మన కోసం కాదు

మార్గశిరం వచ్చిందంటే వంశధార ఒడ్డున మంచు ఎక్కువ. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటలకు శ్రీముఖలింగం నుంచి నరసన్నపేట వైపు వెళ్లే రోడ్డు మీద నిలబడితే ముందు శబ్దం వినపడుతుంది, ఆ తర్వాతే మనిషి కనపడతాడు. చైను కవరుకు గీసుకునే శబ్దం, పాలక్యాన్లు ఒకదానికొకటి తగిలే శబ్దం. వంకాయల గోనె క్యారియరుకు కట్టుకుని ఒకరు, కొత్తిమీర కట్టలతో ఒకరు, పాలతో మరొకరు వెళుతుంటారు. ఒకరోజు అరగంట నిలబడి లెక్కపెట్టాను. పదకొండు సైకిళ్లు వెళ్లాయి. వెనక లైటు ఒక్కదానికీ లేదు. ఇద్దరు మాత్రం చేత్తో టార్చిలైటు పట్టుకున్నారు.

వాళ్లలో ఒక పెద్దాయనను ఆపి అడిగాను. నది ఒడ్డున కూరగాయలు పండిస్తాడు. నలభై ఏళ్లుగా సైకిలు మీదే బజారుకు తీసుకెళ్లి అమ్ముకుంటున్నాడు. లైటు ఎందుకు పెట్టుకోలేదంటే నవ్వాడు.

"దారి నాకు తెల్దేటి బావూ? కళ్లు మూసుకున్నా ఎలిపోతాను. దీపం ఏటికి?"

ఈ మాట నేను చాలా ఊళ్లలో విన్నాను. మడికి నీరు కట్టడానికి రాత్రిపూట కాలువ గట్టు మీద వెళ్లే రైతూ ఇదే అంటాడు, పాలు పోసేవాళ్లూ ఇదే అంటారు. నిజమే, దారి వాళ్లకు తెలుసు. ఎక్కడ గొయ్యి వుందో, ఎక్కడ మలుపు వుందో కాలికే తెలుసు. కాని వెనక నుంచి వచ్చేవాడికి వీళ్లు ముందు వెళుతున్నారన్న సంగతి తెలియదు. వెనక లైటు మనం చూడటానికి కాదు, మనల్ని చూడటానికి. ఇంత చిన్న విషయం ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒక మనిషిని గుద్దాను కనుక.

కొన్నేళ్ల కిందట జనవరిలో ఒక ఊరికి ధాన్యం కొనుగోళ్ల వార్త కోసం మోటారు సైకిలు మీద వెళుతున్నాను. ఇంకా తెల్లవారలేదు. పెద్ద వేగం కూడా కాదు. ఎదురుగా లారీ వచ్చింది, దాని లైట్లు కళ్లలో పడ్డాయి. లారీ దాటిపోయాక ఒక్క క్షణం అంతా నలుపు. ఆ నలుపులో ఒక పాల సైకిలు వుంది. బ్రేకు తొక్కేసరికే తగిలింది. ఆయన కాలు విరిగింది. క్యాన్లలో పాలన్నీ రోడ్డు పాలు. ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. కాని ఆయన మూడు నెలలు మంచం మీద వున్నాడు, ఈలోగా వాడిక్కి పోయించుకునే ఇళ్లు వేరేవాళ్లను చూసుకున్నాయి. ఆ ఇళ్లన్నీ మళ్లీ ఆయనకు దక్కలేదు. సైకిలుకు లైటు లేదన్నది నిజమే. అలాగని తప్పంతా ఆయనదేనని నేను ఏనాడూ అనుకోలేకపోయాను.

ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక సెకనుకు 16 మీటర్లకు పైగా వెళ్తుంది. లైటు కిందికి దించి నడిపితే ముందు 40 మీటర్లు కనపడటమే గొప్ప. అంటే నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి కనపడ్డాక డ్రైవరుకు మిగిలేది రెండున్నర సెకన్లు. చూసి, తెలుసుకుని, బ్రేకు మీద కాలు వేయడానికే సుమారు ఒక సెకను పోతుంది. మంచు పట్టినప్పుడు, ఎదురు లైట్లు కళ్లలో పడినప్పుడు ఆ కాస్త వ్యవధి కూడా వుండదు. అదే వెనక ఎర్ర లైటు వుంటే వందల మీటర్ల దూరం నుంచే తెలుస్తుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిలు వాళ్లు నాలుగు వేలకు పైమాటే. ఇది కేంద్ర ప్రభుత్వ లెక్క.

పాతరోజుల్లో ఇలా వుండేది కాదు. మా నాన్న తరంలో కొత్త సైకిలు కొంటే డైనమో వేయించుకోవడం ఒక ముచ్చట. పట్టణంలో రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు, కొందరు టైరులో గాలి కూడా తీసేసేవారట. డైనమో చిన్న సీసాలా వుండేది. దాని తలమీది గిరక టైరు పక్కన ఆనుకుని తిరిగితే లోపల అయస్కాంతం తిరిగి తీగచుట్టలో కరెంటు పుట్టేది. మామూలు డైనమోది 6 వోల్టులు, 3 వాట్లు. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, 0.6 వాట్లు వెనక బల్బుకు. వెనక బల్బు మాడిపోతే దాని వాటా కూడా ముందు బల్బు మీదే పడి కొన్నాళ్లకు అదీ మాడిపోయేది. ఆ కిటుకు తెలియక డైనమోనే తిట్టుకున్నవాళ్లు ఎందరో. వానలో టైరు తడిస్తే గిరక జారేది. బరువుతో మెల్లగా తొక్కితే దీపం మినుకుమినుకుమనేది. సైకిలు ఆగితే దీపం ఆగిపోయేది. గోనె కట్టుకుని వెళ్లేవాడికి ఆ గిరక ఈడ్పు ఒకటి అదనం. అందుకే అది పోయింది. పోయినందుకు నాకేమీ బాధలేదు. దాని చోట్లోకి ఏదీ రాకపోవడమే బాధ.

జర్మనీలో 2013 దాకా సైకిలుకు డైనమో లైటు తప్పనిసరి, ఆ తర్వాతే బ్యాటరీ లైట్లకూ అనుమతి ఇచ్చారు. డెన్మార్కులోని ఓడెన్సే పట్టణంలో 2004-05లో ఒక పరీక్ష చేశారు. నాలుగు వేల మందికి దగ్గరగా సైకిలు తొక్కేవాళ్లను తీసుకుని, కొందరి సైకిళ్లకు చక్రంలో అయస్కాంతంతో పగలూ రాత్రీ వెలిగే లైట్లు బిగించారు. ఆ లైట్లు వున్నవాళ్లకు ఇతరులతో ఢీకొన్న ప్రమాదాలు దాదాపు అయిదో వంతు తగ్గాయి. అంత దూరం ఎందుకు, మన జాతీయ రహదారి మీదే అప్పుడప్పుడు సన్నటి టైర్ల సైకిళ్ల మీద పట్నం కుర్రాళ్లు వెళుతుంటారు. వాళ్లు 200, 300 కిలోమీటర్లు ఒక్క ఊపున తొక్కే పందేల్లాంటివి వున్నాయి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, మెరిసే చొక్కా లేకపోతే రాత్రి సవారీకి ఒప్పుకోరు. సరదాకి తొక్కేవాడికి అంత కట్టుదిట్టం. బతుకుతెరువుకి రోజూ చీకట్లో తొక్కేవాడికి ఏమీ లేదు.

ఖర్చు అంటారా? ఫోను చార్జరుతో చార్జింగు పెట్టుకునే ఎల్‌ఇడి వెనక లైటు 100, 200 రూపాయలకే దొరుకుతోంది. ముందు లైటు దానికి రెట్టింపు వుండవచ్చు. రెండింటికీ డబ్బులేకపోతే ముందు వెనకది కొనండి, ముందుకి టార్చిలైటు కట్టుకోవచ్చు. కాకపోతే ఆ టార్చి కిందికి, రోడ్డు మీదికి వుండేలా కట్టాలి. ఈమధ్య పందుల కాపలాకు తలకు కట్టుకునే లైట్లు వచ్చాయి. వాటితోనే సైకిలు తొక్కుతున్నారు. ఎదుటివాడి కళ్లలోకి సూటిగా కొడుతుంది. నన్ను ఆ లారీ చేసినట్టే వాళ్లూ చేస్తున్నారు.

అది కూడా వద్దనుకుంటే రేడియం స్టిక్కరు వుండనే వుంది. పేరు రేడియమే గాని అందులో రేడియం ఏమీ లేదు, పడిన వెలుగును తిప్పి కొడుతుంది, అంతే. ఇరవై, ముప్పయి రూపాయల ముక్క వెనక మడ్‌గార్డుకు అంటించి, రెండు చిన్న ముక్కలు పెడళ్లకు వెనకవైపు అంటిస్తే చాలా మేలు. పెడలు పైకీ కిందికీ ఆడుతుంది కనుక దూరం నుంచే ఎవరో తొక్కుతున్నారని తెలిసిపోతుంది. బురద, పేడ పట్టాక మాత్రం అది వున్నా ఒకటే, లేకున్నా ఒకటే. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

సీటు కింద లైటు పెట్టడం పట్నం పద్ధతి. మనకు పనికిరాదు. గోనె, గడ్డిమోపు, పాలక్యాన్లు ఏది కట్టినా అది కప్పడిపోతుంది. క్యారియరు చివరగాని, మడ్‌గార్డు అంచునగాని బరువుకు కిందగా బిగించాలి. సైకిలు షాపువాళ్లు కూడా కొనేవాడు ఏం మోస్తాడో అడిగి బిగిస్తే బాగుంటుంది.

రైతు సోదరులకు మరోమాట. కోపం వచ్చినా సరే. ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, రాత్రికి కుప్పచేసి, చుట్టూ రాళ్లు పేర్చి వదిలేస్తున్నాం. పొద్దున్నకి ధాన్యం తీసుకుపోతాం గాని రాళ్లు అక్కడే వుంటాయి. ఆ రాయి తగిలి పడేది కారువాడు కాదు, మన ఊరి సైకిలువాడే. కల్లాలు చాలకే రోడ్డెక్కుతున్నామన్నది నాకూ తెలుసు, ఊరూరా సిమెంటు కల్లాలు కట్టించమని ఈ పేజీలోనే రాశాను, మళ్లీ రాస్తాను. అందాకా రాళ్లు తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ట్రాక్టరు ట్రాలీల సంగతీ అంతే. వెనక మెరిసే ఎర్ర బిళ్లలు వుండాలని నిబంధన వుంది. గడ్డి వేసుకుని వెళ్లే ట్రాలీకి అవి ఎక్కడ కనపడుతున్నాయో చెప్పండి.

అన్నిటికంటె నాకు దిగులుగా వుండేది బడిపిల్లల గురించి. మన జిల్లా రాష్ట్రానికి తూర్పు కొస. డిసెంబరులో ఇక్కడ అయిదున్నర లోపే పొద్దు కుంకుతుంది. అనంతపురంలో దాదాపు అరగంట తర్వాత. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. పదో తరగతి పిల్లలకు సాయంత్రం అదనపు తరగతులు పెడితే అక్కడి పిల్లలు వెలుతురుండగా ఇల్లు చేరతారు, మన పిల్లలు చీకట్లో తొక్కుకుంటూ వస్తారు. 2017 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. మంచి పని. ఇకమీదట ఏ ప్రభుత్వం సైకిలిచ్చినా రెండు లైట్లతో ఇవ్వాలి. అంతదాకా శీతాకాలం మూడు నెలలు ఈ జిల్లాలో అదనపు తరగతులు పొద్దుటి పూట పెట్టలేమా అని బడి పెద్దలు ఆలోచించాలి.

శివరాత్రి దగ్గరపడుతోంది. చక్రతీర్థ స్నానానికి శ్రీముఖలింగం వచ్చే జనంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాలామంది రాత్రే సైకిలు మీద బయలుదేరతారు. మజ్జిగ, పులిహోర పంచే యువజన సంఘాలు ఈసారి సైకిలు స్టాండు దగ్గర నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి సైకిలుకూ రేడియం ముక్క అంటిస్తే ఎంత ఖర్చవుతుంది? మైకుసెట్టు అద్దెకంటె తక్కువే.

ఆ కూరగాయల పెద్దాయనకు నేనే ఒక ఎర్ర లైటు కొనిచ్చాను. గతవారం మళ్లీ అదే రోడ్డు మీద కనపడ్డాడు. లైటు వుంది, వెలుగుతూనే వుంది. కాని సీటు కింద కట్టాడు, వంకాయల గోనె దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆపి, ఇద్దరం కలిసి ఊడదీసి మడ్‌గార్డు చివరన సైకిలు ట్యూబు ముక్కతో కట్టాం. "ఇప్పుడు నీకు నాను అవుపిస్తున్నానేటి?" అని అడిగి ఎక్కి తొక్కాడు. మలుపు తిరిగేదాకా కనపడుతూనే వున్నాడు.