పాడైన ఫ్రిజ్‌కు మన ఇల్లు గోడౌనా?

పది వారాల పాటు మా ఇంటి నడవలో ఒక పాడైన ఫ్రిజ్ నిలబడి ఉంది. రెడింగ్‌లో మాది చిన్న టెర్రస్ ఇల్లు. గుమ్మం దాటి లోపలికి రావాలంటే ఒక్కొక్కరూ పక్కకు తిరిగి నడవాలి. పాప ప్రామ్ లోపల పెట్టే చోటు లేక వానలో బయటే ఉంచాం. దసరాకు పేరంటానికి వచ్చినవాళ్లంతా ‘కొత్త ఫ్రిజ్ కొన్నారా?’ అని అడిగారు. ఒకటి కాదు, రెండు కొన్నాం అని చెప్పాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. సెప్టెంబరు మొదట్లో ఆన్‌లైన్‌లో 549 పౌండ్లు పెట్టి ఫ్రిజ్ తెప్పించుకున్నాం. తొమ్మిదో రోజుకే చల్లదనం పోయింది. పాప పాలు, ఇడ్లీ పిండి, వారానికి సరిపడా కూరగాయలు అన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. ఈ వస్తువు మాకొద్దు, డబ్బు తిరిగివ్వండని ఆ రోజే ఈమెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో కంపెనీ ఒప్పుకుంది. కానీ ఒక మెలిక పెట్టింది: ఫ్రిజ్ తమ గోడౌన్ చేరాకే డబ్బిస్తుందట. తీసుకెళ్లడానికి మూడుసార్లు తేదీ ఇచ్చారు. మూడుసార్లూ ఎవరూ రాలేదు. ఒకసారైతే మావారు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నారు.

అప్పుడు మా ఇంట్లో ఉన్న అత్తయ్యగారు, ‘మన ఊళ్లో అయితే కొట్టుకెళ్లి ఓనరు ముందు నిలబడేవాళ్లం కదమ్మా’ అన్నారు. నిజమే. ఇక్కడ నిలబడటానికి కొట్టు లేదు, అడగటానికి మనిషి లేడు. చాట్‌లో రోజుకో పేరు పలుకుతుంది, ప్రతి పేరూ సారీ చెబుతుంది. తెలిసినవాళ్లు రెండు రకాల సలహాలిచ్చారు. ‘పరాయి దేశం, గొడవెందుకు, వాళ్లే వస్తార్లే’ అని కొందరు. ‘ఆర్నెల్లు దాటితే అది మీదే, అమ్మేసుకోండి’ అని ఇంకొందరు. ఈ రెండూ తప్పేనని చట్టం చదివాక అర్థమైంది.

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ దశలో లోపం ఉందని చూపాల్సింది మనమే కాబట్టి, పాడైన రోజే ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోవాలి. 30 రోజులు దాటితే రిపేరుకో, మార్చి ఇవ్వడానికో ఒక అవకాశం అమ్మకందారుకు ఇవ్వాలి. అదీ ఫలించకపోతే మళ్లీ తిరస్కరించవచ్చు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. తిరస్కరించాక మన బాధ్యత వస్తువును వాళ్లు తీసుకెళ్లడానికి వీలుగా ఉంచడం వరకే. మనమే పంపుతామని ఒప్పుకుంటే తప్ప పంపే పని మనది కాదు. తిరిగి చేర్చడానికయ్యే సమంజసమైన ఖర్చు అమ్మకందారుదే. డబ్బు ఇవ్వాల్సి ఉందని వాళ్లు ఒప్పుకున్న రోజు నుంచి 14 రోజుల్లోపు చెల్లించాలి. తీసుకెళ్లాకే ఇస్తామనడానికి వాళ్లు లారీ పంపకపోవడం సాకు కాదు.

ఇవే మాటలు ఉత్తరంలో రాసి, ఫలానా తేదీలోగా డబ్బు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కు వెళ్తామని చెప్పాను. ఎనిమిది రోజుల్లో డబ్బు పడింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 10,000 పౌండ్ల లోపు క్లెయిమ్ లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు కోర్టు అనగానే భయపడతారు. ఇది మన డబ్బు మనం అడిగే సివిల్ వ్యవహారం, నేరం కేసు కాదు. క్రెడిట్ కార్డుతో కొన్నవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. వస్తువు ధర 100 పౌండ్ల కంటే ఎక్కువై 30,000 దాటకపోతే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా బాధ్యులను చేయవచ్చు.

డబ్బు వచ్చింది కానీ ఫ్రిజ్ మాత్రం కదల్లేదు. దీపావళికి దాని మీదే దీపాల పళ్లెం పెట్టుకున్నాం. తిరస్కరించిన వస్తువు మనది కాదు, వాళ్లది. వాడకూడదు, వీధిలో పడేయకూడదు, తగిన జాగ్రత్తతో ఉంచాలి. ఆర్నెల్ల మాట, అడగకుండా ఇంటికొచ్చిన వస్తువుల గురించి ఒకప్పుడున్న నియమం. దీనికి వర్తించదు. దీనికి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 1977 నాటి చట్టమొకటి ఉంది. వస్తువు ఏమిటో, ఎక్కడుందో, తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉందని చెబుతూ, ఫలానా తేదీ తర్వాత అమ్మేస్తామని రికార్డెడ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి. తగినంత గడువు ఉండాలి. అప్పటికీ రాకపోతే అమ్మి, అమ్మకం ఖర్చులు మినహాయించి మిగిలింది వాళ్లకు లెక్క చెప్పాలి.

నవంబరు మొదట్లో నేను 21 రోజుల గడువుతో నోటీసు పంపాను. గడువుకు నాలుగు రోజుల ముందు ఇద్దరు మనుషులు వచ్చి పది నిమిషాల్లో ఫ్రిజ్ తీసుకెళ్లిపోయారు. పది నిమిషాల పనికి పది వారాలు ఆగాం.

నా అభ్యంతరం ఇక్కడే. డబ్బు ఇవ్వడానికి 14 రోజులని లెక్కకట్టిన 2015 చట్టం, వస్తువు తీసుకెళ్లడానికి గడువు మాత్రం పెట్టలేదు. అందుకే కొనేవాడి ఇల్లు అమ్మేవాడికి అద్దెలేని గోడౌన్ అవుతోంది. పెద్ద ఇల్లున్నవాళ్లు గరాజ్‌లో పెట్టి మరచిపోవచ్చు. ఒంటి గది ఫ్లాట్‌లో ఉండే విద్యార్థి, పసిపాపతో ఉన్న తల్లి ఏం చేయాలి? తిరస్కరించిన 30 రోజుల్లోపు తీసుకెళ్లకపోతే ఆ వస్తువు మీద అమ్మకందారు హక్కు వదులుకున్నట్లేనని, పారవేసే ఖర్చు కూడా వాళ్లదేనని చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. వ్యాపారులకు ఇది అన్యాయమేమీ కాదు. కొత్త వస్తువును మర్నాడే గుమ్మంలో దించగలవాళ్లు పాతదాన్ని నెలలో ఎత్తలేరా? ఈ మాట మన ఎంపీలకు రాయడానికి ఈమెయిల్ చాలు. నేను మా ఎంపీకి రాశాను.

చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నది కాగితమే. ఫోన్‌లో మాట్లాడినా తర్వాత ఈమెయిల్‌లో రాసి పంపండి. తేదీలు రాసుకోండి. అర్థం కాకపోతే సిటిజన్స్ అడ్వైస్ వాళ్లను అడగండి, సలహా ఉచితం. మర్యాదగా ఉండటం మన సంస్కారం. కానీ మర్యాదకూ మౌనానికీ తేడా ఉంది. మేం మొదటి మూడు వారాలు మర్యాద అనుకుని మౌనంగా ఉన్నాం. ఆ మూడు వారాలూ పాప ప్రామ్ వానలోనే తడిసింది.