‘ఓవర్‌ల్యాప్’ అన్న ఒక్క మాటకు ఎంతమంది పరిశోధకులు బలి?

2022 డిసెంబర్ 8న కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభకు ఒక లిఖితపూర్వక సమాధానమిచ్చారు. ఇతర ఫెలోషిప్ పథకాలతో ‘ఓవర్‌ల్యాప్’ అవుతున్నందున మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నామన్నది దాని సారాంశం. సచార్ కమిటీ నివేదిక తరువాత 2009లో ప్రారంభమైన పథకం ఒక్క వాక్యంతో ముగిసింది. ఆ వాక్యం న్యాయానికి నిలుస్తుందా అన్నదే మా ప్రశ్న.

ఒకే విద్యార్థి ఏకకాలంలో రెండు ఫెలోషిప్‌లు పొందరాదన్న నిబంధన మొదటినుంచీ ఉన్నదే. ప్రభుత్వ కార్యాలయాలలో జీవితకాలం పనిచేసిన మాకు తెలిసిన పద్ధతి ఒకటున్నది. ఒకే వ్యక్తికి రెండు పద్దుల నుంచి చెల్లింపు జరుగుతున్నదన్న అనుమానం వస్తే ధ్రువీకరణ పత్రం తీసుకుంటారు, జాబితాలు సరిచూస్తారు, అధికంగా వెళ్లిన సొమ్మును రికవరీ చేస్తారు. అంతేగాని పద్దునే కొట్టివేయరు.

పోనీ, ఆ ‘ఇతర పథకాలు’ మన పిల్లలకు నిజంగా అందుబాటులో ఉన్నవా? ఎస్సీ ఫెలోషిప్ తలుపు ముస్లింలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతోనే మూసుకుపోయింది. ఓబీసీ ఫెలోషిప్‌కు కేంద్ర జాబితాలో పేరుండాలి. మన రాష్ట్రాల బీసీ-ఇ జాబితాలోని ప్రతి వర్గమూ ఆ జాబితాలో లేదు. ఇక మిగిలినది జేఆర్‌ఎఫ్. నెట్‌లో అర్హత సాధించినా జేఆర్‌ఎఫ్ అందనివారు అనేకులు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆదుకున్నది వారినే. చివరి సంవత్సరాలలో దానికి కూడా నెట్ అర్హత తప్పనిసరి. కాబట్టి ఇది ఎవరో వేసిన భిక్ష కాదు, పరీక్ష నెగ్గి సంపాదించుకున్న హక్కు.

ఈ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియాలంటే క్యాన్సర్ పరిశోధననే చూడండి. చరిత్రలోనో సాహిత్యంలోనో పరిశోధన చేసేవారు పగలు ట్యూషన్లు చెప్పి రాత్రి చదువుకోగలరేమో. క్యాన్సర్ కణాలను పెంచే ప్రయోగశాలలో అది కుదరదు. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెరిగే కణాలకు రెండు మూడు రోజులకొకసారి పోషక ద్రవం మార్చాలి. ఆదివారమైనా, పండుగైనా ఆ పని ఆగదు. అక్కడ ఐదేళ్లపాటు పూర్తికాలం పనిచేయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ 37,000. ఈ రెండు అంకెల మధ్య దూరమే పేదింటి బిడ్డ ప్రయోగశాలలో నిలవడానికీ, బయటికి రావడానికీ మధ్య దూరం.

ఇందులో సమాజపు ప్రయోజనమూ ఉన్నది. గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్ వస్తున్నది. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను సిగ్గుతో, భయంతో దాచిపెట్టే తల్లులు మన బస్తీలలో ఉన్నారు. వారి భాషలో, వారి మర్యాద తెలిసి మాట్లాడగల పరిశోధకురాలు మన ఇళ్లనుంచే రావాలి. ఆ పథకంలో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. ఆ వాకిలీ మూసుకుపోయింది.

ఖర్చు భరించలేకపోయారా? ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే 2014-15 నుంచి 2021-22 వరకు ఎంపికైనవారు 6,722 మంది, పంచిన మొత్తం 738.85 కోట్లు. ఏడాదికి సగటున 92 కోట్ల పైచిలుకు. ఈ దేశపు బడ్జెట్‌లో అది కనిపించని అంకె. అప్పటికే ఎంపికైనవారికి గడువు ముగిసేదాకా చెల్లిస్తామన్నారు. ఆ సొమ్ము కూడా నెలల తరబడి అందడం లేదని పరిశోధకులు పలుమార్లు మొరపెట్టుకున్నారు.

మా డిమాండ్లు స్పష్టం. కేంద్రం ఈ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. బకాయిలు తక్షణం చెల్లించాలి. విదేశీ చదువుకు మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు సాయం ప్రకటించిన తెలంగాణ, ఇక్కడి ప్రయోగశాలల్లో పీహెచ్‌డీ చేసేవారికీ నెలవారీ ఫెలోషిప్ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ కూడా ముందుకు రావాలి.

మన బాధ్యతా ఉన్నది. సీఎస్‌ఐఆర్, డీబీటీ జేఆర్‌ఎఫ్ పరీక్షల ప్రకటన వెలువడిన వారమే అది ప్రతి మస్జిద్ నోటీసు బోర్డుపై కనిపించాలి. దరఖాస్తు రుసుము కట్టలేని అర్హులకు జకాత్ నిధి తోడ్పడాలి. అయితే సమాజం చేసే సాయం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. మనం కట్టే పన్నులో మన బిడ్డల చదువుకు వాటా ఉన్నది. ఆ వాటా కోసం మీ ఎంపీకి ఈ నెలలోనే ఒక వినతిపత్రం ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.