ఇల్లు కట్టించు ఇల్లాలికి తెలియవలసిన మాటలు



భారతమున లక్కయింటి కథ మనమందఱము ఎఱిగినదే. పాండవులు వారణావతమునకు బయలుదేరునప్పుడు విదురుడు, ఇతరులకు బోధపడని భాషలో, ధర్మరాజునకు హెచ్చరిక చేసెను. ప్రక్కనున్న కుంతీదేవికి ఆ మాటలు తెలియలేదు. తెలియలేదని యూరకుండక, అతడేమి చెప్పెనో వివరింపుమని కుమారుని అడిగినదని వ్యాసభారతము చెప్పుచున్నది. తాము నివసింపబోవు నింటిని గూర్చిన మాట అర్థము కానప్పుడు అడిగి తెలిసికొనుట ఇల్లాలికి సిగ్గుపడవలసిన పని కాదని దీనివలన మనము గ్రహింపవచ్చును.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో నిల్లు కట్టించు గృహిణులకు మేస్త్రీ మాటలు తఱచుగా విదురుని భాషవలెనే యుండును. ఒడంబడికపై సంతకము సాధారణముగా పురుషులు చేయుదురు. పగలెల్ల పనియొద్ద నిలిచి, బస్తాలు లెక్కించి, గోడలకు నీరు పట్టించునది ఇల్లాలు. సొమ్ము చాలనినాడు కుదువకు పోవునవి ఆమె నగలే. కావున ఈ మాసమున అట్టి మాటలు కొన్ని వివరింపబూనితిమి. వీనికన్నిటికిని సూత్ర మొక్కటే: ప్రతి మాట వెనుకను ఒక కొలత యుండును. ఆ కొలత యెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలిసినప్పుడే మాట తెలిసినట్లు.

అంకణము: పూర్వము రెండు దూలముల నడిమి చోటునకు అంకణమని పేరు. రెండంకణముల యిల్లు, మూడంకణముల యిల్లు అని పెద్దలు చెప్పుకొనుట మనము వినినదే. నేడిది స్థలపు కొలత. తిరుపతి వైపున అంకణమనగా 36 చదరపు అడుగులు, అనగా 4 చదరపు గజములు. నెల్లూరు వైపున 72 చదరపు అడుగులు. 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు నెల్లూరు జిల్లానుండి సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములు అందు చేరినవి. ఒక్క జిల్లాలోనే ఒకే మాటకు రెండు కొలతలైనవి. 50 అంకణముల స్థలము ఒక లెక్కను 200 గజములు, వేఱొక లెక్కను 400 గజములు! బేరము అంకణములలో నడచినను, పత్రమున చదరపు గజములు వ్రాయించుకొనవలయును.

చదరపు అడుగు: ఇందులోనే పెక్కు తగవులు పుట్టుచున్నవి. గోడల లోపల 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల యింటిని తలపుడు. లోపలి వైశాల్యము 600 అడుగులు. చుట్టును 9 అంగుళముల గోడను కలిపినచో వెలుపలి కొలత 21½, 31½ అడుగులై, 677 చదరపు అడుగులగును. దీనిని ప్లింతు ఏరియా అందురు. స్లాబు నలువైపుల 2 అడుగులు ముందునకు వచ్చినచో దాని కొలత 905 అడుగులు. ఇల్లొక్కటే, లెక్కలు మూడు. కూలి అడుగునకు 300 రూపాయలని యనుకొందము. ప్లింతును కొలిచినదానికిని స్లాబును కొలిచినదానికిని భేదము 228 అడుగులు. అనగా 68,400 రూపాయలు. మేస్త్రీ మోసగాడని మా భావము కాదు. అతనికి అలవాటైన కొలత యొకటి, మనము తలచినది మఱియొకటి. పని మొదలిడుటకు పూర్వమే "అన్నా, ఈ అడుగు యాడనుంచి యాడికి కొలుస్తావు?" అని యడిగి, వచ్చిన సమాధానమును కాగితముపై నుంచిన చాలును. ఫ్లాటు కొనువారు కార్పెట్ ఏరియా యెంతయని యడుగవలెను. 2016 నాటి రెరా చట్టము ప్రకారము బయటి గోడలును, బాల్కనీయును అందు చేరవు. లోపలి అడ్డుగోడలు చేరును.

పునాది, బేస్‌మట్టము: నేలలోపల నుండునది పునాది. నేలపైనుండి ఇంటి గచ్చువఱకు లేచు కట్టడమును మన మేస్త్రీలు బేస్‌మట్టమందురు. ఇంజనీరు దీనినే ప్లింతు అనును. ఆయన కాగితమున బేస్‌మెంటు అని యున్నచో అది నేలక్రింది అంతస్తు. ధ్వని యొకటే యైనను అర్థములు తలక్రిందులు! బేస్‌మట్టము ఎత్తును ఎదుటి వీథినుండి కొలిపింపవలెను. వీథికి మరల రోడ్డు వేసినప్పుడెల్ల మట్టము పెరుగును. ఇల్లు పల్లమైనచో వాననీరు గడప దాటును.

పాళ్లు: ఒకటికి నాలుగు, ఒకటికి ఆఱు అని వినుచుందుము. ఒక పాలు సిమెంటు, తక్కినది ఇసుక. తూకమున గాక ఘనపరిమాణమున. 50 కిలోల బస్తా సుమారు 1¼ ఘనపుటడుగులు. ఒకటికి ఆఱు అనినచో బస్తాకు 7½ ఘనపుటడుగుల ఇసుక. చంద్రగిరి కోటలోని రాజమహలు కఱ్ఱను వాడక రాయి, ఇటుక, సున్నములతోనే కట్టబడినది. సరియైన పాళ్లలో కలిపిన పదార్థమునకు గల బలమునకు అది నేటికిని సాక్షి. స్లాబునకు, స్తంభములకు ఎమ్ 20 అని వ్రాసి యున్నచో, 28 దినములు నిండిన కాంక్రీటు చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల యొత్తిడిని ఓర్వవలెనని యర్థము. తిరుగుటకు సుళువని నీరు అధికముగ పోసినకొలది ఆ బలము తగ్గును.

కవరు: కాంక్రీటులో కడ్డీకిని బయటి తలమునకును నడుమ నుండు మందము. స్లాబునకు 20 మిల్లీమీటర్లు, స్తంభమునకు 40. ఇది లేనిచో తేమ చేరి యినుము త్రుప్పుపట్టి ఉబ్బును. కొన్నేండ్లకు పెచ్చులూడి పడును. కడ్డీలక్రింద రాతిముక్కలు గాక, ఆ మందమునకు తగిన సిమెంటు బిళ్లలే పెట్టించవలయును.

సెంట్రింగు: మన తాతలనాటి మద్రాసు మిద్దెకు టేకు దంతెలే ఆధారము. నేటి స్లాబు తన బలము తనకు వచ్చువఱకు ఊతలపై నిలిచి యుండును. రేకులతో, బొంగులతో లేక ఇనుప ఊతలతో కట్టిన ఆ యేర్పాటే సెంట్రింగు. భారతీయ ప్రమాణముల ప్రకారము 4½ మీటర్లకు లోబడిన స్లాబు క్రింది ఊతలను 7 దినములును, అంతకు మించినచో 14 దినములును కదలింపరాదు. 6 మీటర్ల వఱకు గల దూలములకు 14, మించినవానికి 21 దినములు. రేకులు వేఱొక యింటి పనికి కావలసియున్నవని త్వరపెట్టువారుందురు. ఈ ఒక్కచోట ఇల్లాలు మొగమాట పడరాదు. ఊతలు ముందుగా తీసిన స్లాబు బీటవారవచ్చును, కూలవచ్చును. క్రిందనుండునది మన బిడ్డలు, ఆ కూలీల బిడ్డలు. ఇంజనీరు సరేయని చెప్పునంతవఱకు కడ్డీగాని ఊతగాని తీయనీయరాదు.

నీరు పట్టుట: దీనినే క్యూరింగు అందురు. సిమెంటు ఎండుటచే గట్టిపడునని కొందఱు తలంతురు. అది పొరబాటు. నీటితో కలిసి లోలోపల మార్పు చెందుటచే గట్టిపడును. ఆ మార్పునకు తేమ కావలెను. సాధారణపు సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిదగాని స్లాగుగాని కలిసిన సిమెంటునకు 10 దినములు తడి యారనీయరాదు. మన చిత్తూరు ఎండలలో మొదటిదానికి 10, రెండవదానికి 14 దినములని ప్రమాణములు చెప్పుచున్నవి. స్లాబుపై వరిమడికివలె గట్లు కట్టి నీరు నిలుపవలెను. స్తంభములకు తడి గోనెలు చుట్టవలెను. ప్రొద్దున నొక కుండెడు చల్లి మధ్యాహ్నము ఎండనిచ్చుట పనికిరాదు. నీటికి కఱవున్న నెలలలో స్లాబు వేయుట తలపెట్టినచో, నీటి లెక్కను ముందే చూచుకొనుట మేలు. ఇందులో మీరు పోయు ప్రతి బిందెయు ఇంటి ఆయువునకు చేరును.

ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, ఏ దినమున ఏ పని జరిగినదో, ఎన్ని బస్తాలు వచ్చినవో, ఎన్ని ఖర్చయినవో, స్లాబు వేసిన తేదీ యేదో వ్రాసి యుంచుకొనుడు. తగవు వచ్చిననాడు జ్ఞాపకముకన్న ఆ వ్రాత గట్టి సాక్షి. మేస్త్రీతో మాటలాడునప్పుడు గౌరవమును విడువరాదు; అతని చేతిలో విద్య యున్నది. ఆ విద్యను తెలిసికొని యడుగు ప్రశ్న అతనికిని సంతోషము గూర్చును.

కడప బండలు, గచ్చు, నీటితొట్టెల మాటలు వచ్చు మాసమున వివరింతుము.