సైడ్‌కారు సరదాకి సంఘం వైద్య నిధి కావాలా?

ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాం. ఓపిక చేసుకుని చదవండి. సగం చదివి దండం బొమ్మ పెట్టి వెళ్లిపోకండి, ఎందుకంటే ఇది మీ డబ్బు సంగతి.

పోయిన నెల మన గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఆకుపచ్చ రంగు మోటారు సైకిలు, పక్కన తొట్టి లాంటి సైడ్‌కారు, అందులో పెళ్లికూతురు, నడిపేవాడికి నల్ల కళ్లద్దాలు. చూడ్డానికి బాగుంది, కాదనం. దాని వెనకే ప్రతిపాదన వచ్చింది. చైనా నుంచి ఇలాంటి పాతకాలపు బళ్లు రెండు తెప్పిద్దాం, ఒక్కొక్కటి 6 లక్షల 50 వేలు, రాయగడలో ఇంటి గుమ్మం ముందు దింపుతారట, పెళ్లిళ్లకీ ఫొటో షూటింగులకీ అద్దెకిస్తే మూడేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందట. పెట్టుబడి ఎక్కడిది? వైద్య సహాయ నిధి ఫిక్స్‌డ్ డిపాజిట్టు నుంచి. అక్కడ మాకు కాలింది.

ఆ నిధి ఎందుకు పెట్టామో కొత్త సభ్యులకి తెలియదేమో. రాత్రిపూట ఎవరికైనా గుండె పట్టేస్తే కోరాపుట్ నుంచి గానీ రాయగడ నుంచి గానీ విశాఖపట్నం చేర్చడానికి బండి కిరాయి, ఆస్పత్రిలో మొదటి రోజు కట్టే అడ్వాన్సు, దానికి. నెలకి వంద, రెండు వందలు చొప్పున పెన్షన్లలోంచి తీసి వేసిన డబ్బది. అది సైడ్‌కారు తొట్టిలోకి పోతుందంటే మేము ఊరుకోలేం. మేమంటే ఈ సంఘంలో పెన్షన్ మీద బతికే ముసలివాళ్లం. ముప్పై ఏళ్లకి పైగా రైల్వేలో పార్సెల్ కాగితాలు రాసిన చేతులు మావి. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. తప్పులుంటే నవ్వుకోండి, లెక్కలో తప్పుంటే మాత్రం చెప్పండి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. గ్రూపులో కొందరు "చైనా బండి మనకెందుకు, దేశద్రోహం" అని రాశారు. ఆ మాట మేము అనం. ఆ మాట టైపు చేసిన ఫోను ఎక్కడిదో వెనక్కి తిప్పి చూసుకోమనండి. బండిలో తప్పులేదు. దాని చరిత్ర నిజానికి గొప్పది. 1938లో జర్మనీ బీఎండబ్ల్యూ కంపెనీ ఆర్71 అని ఒక బండి చేసింది. దాన్ని చూసి సోవియట్ వాళ్లు 1941లో ఎం72 మొదలుపెట్టారు. యుద్ధం మాస్కో మీదికి రాగానే ఆ కార్ఖానాని ఉరల్ కొండల దగ్గర ఇర్బిట్ ఊరికి తరలించారు. అదే డిజైను చైనాకి చేరి, 1957లో నాన్‌చాంగ్ విమాన కార్ఖానాలో చాంగ్‌జియాంగ్ 750 అయింది. 746 సీసీ, రెండు సిలిండర్లు చెరో పక్కకి చాచుకుని ఉంటాయి, 22 హార్స్‌పవర్, 6 వోల్టుల కరెంటు. విమానాలు చేసే చోట మోటారు సైకిలు! మన సునాబెడలో హెచ్ఏఎల్ వాళ్లు సోవియట్ డ్రాయింగులతోనే మిగ్ విమానాల ఇంజన్లు చేశారు కదా, దాన్ని ఎవరైనా దొంగ సరుకు అంటారా? మా స్కూలు రోజులు మద్రాసులో గడిచాయి. తిరువొత్తియూరులో తయారయ్యే బుల్లెట్ కూడా ఇంగ్లండు నుంచి వచ్చిన డిజైనే. కాబట్టి బండి పుట్టుక మీద మాకు పేచీ లేదు. పేచీ అంతా ఏజెంటు చూపించే కాగితం మీద.

పార్సెల్ ఆఫీసులో పనిచేసిన వాళ్లకి ఒక మాట బాగా తెలుసు. పెట్టెలో ఏముందో రైల్వే విప్పి చూడనప్పుడు రసీదు మీద "సెయిడ్ టు కంటెయిన్" అని రాస్తాం. అంటే, ఇందులో ఫలానాది ఉందని పంపినవాడు చెప్తున్నాడు, మాకు సంబంధం లేదు అని. ఈ ఏజెంటు పంపిన కొటేషన్ మొత్తం అలాంటిదే. "వింటేజ్" అని రాశాడు. ఏ సంవత్సరం బండి? రాయలేదు. ఇంజను నంబరు? లేదు. ఫ్రేము నంబరు? లేదు. మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఎప్పుడు? అదీ లేదు.

ఈ వింటేజ్ అనే మాటకి మన దేశంలో చట్టప్రకారం అర్థం ఉంది. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అప్పుడు 20,000 రూపాయల ఫీజు కట్టించుకుని నంబరులో "వీఏ" అక్షరాలతో రిజిస్ట్రేషన్ ఇస్తారు, పదేళ్లకి. బాగానే ఉంది కదా అంటారేమో, తర్వాతి వాక్యం కూడా చదవండి. ఆ బండిని రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు, వ్యాపారానికి అసలే వాడకూడదు. ప్రదర్శనకీ, వింటేజ్ ర్యాలీకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ తప్ప బయటికి తీయకూడదు. మరి పెళ్లిళ్లకి అద్దెకిచ్చి పెట్టుబడి రాబట్టే పథకం ఏమైంది? మొదటి అద్దె పుచ్చుకున్న రోజే నియమం తప్పినట్టు.

దిగుమతి సంగతి చూద్దాం. చాలా ఏళ్లపాటు వింటేజ్ కింద దేశంలోకి రానిచ్చింది 1950కి ముందు తయారైన బళ్లని. చాంగ్‌జియాంగ్ పుట్టిందే 1957లో అని పైన చెప్పాం. అంటే ఆ నియమం ఉన్నంత కాలం అలాంటి బండి ఒక్కటైనా వింటేజ్ పేరుతో రావడానికి వీల్లేదు. 2025లో దాన్ని 50 ఏళ్లు దాటిన బళ్లకి సడలించారు. ఏజెంటు ఆ ఒక్క వార్త కత్తిరించి గ్రూపులో పెట్టాడు. 50 ఏళ్లు దాటినట్టు రుజువు ఎవరు చూపించాలో మాత్రం చెప్పలేదు. ఈ బళ్లలో ఎక్కువ భాగం చైనా సైన్యం వాడినవి. తర్వాత విడి భాగాలు పోగేసి, పాత ఫ్రేముకి కొత్త ఇంజను, కొత్త ఫ్రేముకి పాత ట్యాంకు తగిలించి, రంగు వేసి అమ్మే షెడ్లు చాలా వచ్చాయి. రంగు కొత్తది, పేరు పాతది. అది నేరమని మేము అనం, ఇష్టపడి కొనుక్కునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ మన ఆర్టీవో ముందు నిలబడితే దాని వయసు ఎవరు చెప్తారు?

వింటేజ్ కాకపోతే పాత బండి అవుతుంది. పాత బండి దిగుమతికి మూడేళ్లకి మించిన వయసు ఉండకూడదు, అది కూడా ముంబయి రేవు ద్వారానే. ఏజెంటు "విశాఖ పోర్టులో దింపుతాం, అక్కడినుంచి రైల్లో గంటల పని" అని రాశాడు. విజయనగరం మీదుగా రాయగడ లైను మాకు తెలియనిదా! బండి రైల్లో ఎక్కించే సంగతి తర్వాత, రేవు దాటనివ్వాలి కదా.

పోనీ కొత్తదే తెప్పిద్దాం అంటారు. అదే పేరుతో ఇప్పుడు 650 సీసీ కొత్త ఇంజనుతో బళ్లు చేస్తున్నారు, చూడ్డానికి పాతవాటిలాగే ఉంటాయి. లెక్క వేద్దాం. 2025 బడ్జెట్ తర్వాత 1600 సీసీ లోపు పూర్తిగా తయారై వచ్చే మోటారు సైకిలు మీద కస్టమ్స్ సుంకం 40 శాతం. 350 సీసీ దాటిన మోటారు సైకిళ్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. ఉదాహరణకి బండి ధర, ఓడ కిరాయి, బీమా కలిపి 5 లక్షలు అనుకోండి. సుంకం 2 లక్షలు. మొత్తం 7 లక్షల మీద జీఎస్టీ 2 లక్షల 80 వేలు. రేవులోనే 9 లక్షల 80 వేలు. ఇంకా క్లియరింగ్ ఏజెంటు, రవాణా, రోడ్డు టాక్సు రాలేదు. ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. 6 లక్షల 50 వేలకి గుమ్మం ముందు దింపాలంటే, మిగతా ఖర్చులన్నీ సున్నా అనుకున్నా, ఓడ కిరాయితో సహా బండి 3 లక్షల 32 వేలు దాటకూడదు. ఏజెంటు మనకి పంపిన ఫొటోలోని బండి ఆ ధరకి దొరుకుతుందని ఆయన చేతనే రాయించండి. ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి చూపిస్తాడా? అయితే పట్టుబడితే పేరు ఎవరిది? కాగితం మీద దిగుమతిదారు మన సంఘం, సంతకం మన కార్యదర్శిది.

ఇంకో తెలివి కూడా విన్నాం. "భాగాలుగా విప్పి తెస్తాం, ఇక్కడ బిగిస్తాం, విడి భాగాల సుంకమే పడుతుంది" అట. కస్టమ్స్ వాళ్లు నిన్న పుట్టినవాళ్లు కాదు బాబూ. విప్పి తెచ్చినా పూర్తి బండి పూర్తి బండే. అలా బిగించిన దానికి ఓడీ 18 నంబరు గానీ ఓడీ 10 నంబరు గానీ ఎలా వస్తుంది? కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 ప్రమాణం ఉండాలి. 1938 నాటి డిజైను ఇంజను ఆ పొగ పరీక్షలో నెగ్గుతుందని ఏ మెకానిక్కూ చెప్పడు.

ఇవన్నీ కాగితాల గోల అని కుర్రవాళ్లు విసుక్కుంటారు. సరే, కాగితం పక్కన పెట్టి రోడ్డు మీదికి రండి.

చైనాలో బళ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. అందుకని వాళ్ల సైడ్‌కారు కుడివైపు ఉంటుంది, రోడ్డు అంచు పక్కకి. మనం ఎడమ పక్కన నడుపుతాం. ఆ బండి మన దగ్గరకొస్తే సైడ్‌కారు రోడ్డు మధ్యలో ఉంటుంది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాటీ కళ్లు మూసుకుని తలుచుకోండి. మలుపు తిరుగుతుంటే ఎదురుగా పదహారు చక్రాల లారీ దిగుతోంది. నడిపేవాడు ఎడమన ఉన్నాడు. మన పెళ్లికూతురు లారీ బంపరు ఎత్తులో, రోడ్డు మధ్య గీత మీద, తొట్టిలో కూర్చుని ఉంది. వీడియోలో ఇది కనపడదు, ఎందుకంటే ఆ వీడియో తీసిన దేశంలో లారీ అటుపక్కన వస్తుంది. కుడివైపు సైడ్‌కారు ఉన్న బండి కుడికి గట్టిగా తిప్పితే సైడ్‌కారు చక్రం గాల్లోకి లేస్తుంది. బ్రేకు వేస్తే ఒక పక్కకి, యాక్సిలరేటరు ఇస్తే ఇంకో పక్కకి లాగుతుంది. ఇది రెండు చక్రాల బండి నడిపినవాడికి వచ్చే విద్య కాదు, వేరే నేర్చుకోవాలి. ఎడమకి మార్పించుకుంటాం అంటారా? ఫ్రేముకి బిగింపులు మార్చాలి. ఫ్రేము మారిస్తే, పైన చెప్పిన వింటేజ్ నియమం చూసుకోండి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండి మార్చడం కుదరదని తీర్పు చెప్పింది.

అన్నిటికన్నా మాకు భయం వేసేది ఇది. రిజిస్ట్రేషన్ సరిగా లేని బండికి బీమా నిలవదు. బీమా నిలవని బండి ఒక మనిషిని గుద్దితే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వేసే పరిహారం యజమాని కట్టాలి. యజమాని ఎవరు? సంఘం. అప్పుడు వైద్య నిధి ఒక్కటే కాదు, మనం కూర్చుని మాట్లాడుకునే హాలు కూడా పోతుంది. ఆ ప్రమాదంలో పోయినవాడు మన కొండమీది కూలివాడైతే, అతని భార్యకి పరిహారం అందకుండా మనం వాయిదాలు తిరుగుతామా?

సైడ్‌కారు మీద మాకు కోపం లేదని ముందే చెప్పాం. 70లలో, 80లలో రైల్వే క్వార్టర్స్‌లో స్కూటరుకి సైడ్‌కారు తగిలించి భార్యనీ ఇద్దరు పిల్లల్నీ మజ్జిగౌరి అమ్మవారి గుడికి తీసుకెళ్లినవాళ్లని చూశాం. షోలే సినిమా చూసి ఈల వేసినవాళ్లమే. మన మోటారు వాహనాల చట్టంలో మోటారు సైకిలు నిర్వచనంలోనే విప్పి తీసే సైడ్‌కారు మాట ఉంది. సరదా ఉన్న కుర్రవాడు తన సొంత డబ్బుతో ఇక్కడి బుల్లెట్ కొనుక్కుని, ఎడమవైపు సైడ్‌కారు పెట్టించుకునే ముందే ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో రాయించి, బీమావాళ్లకి తెలియజేసి నడుపుకుంటే మేమే కొబ్బరికాయ కొడతాం. ఆ బండి చెడితే బాగుచేసే మేస్త్రీ రాయగడలో ఉన్నాడు, జయపురంలో ఉన్నాడు. 6 వోల్టుల చైనా బండికి కార్బురేటరు రబ్బరు ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఉబ్బిపోతే ఎవరిని పిలుస్తాం? నాన్‌చాంగ్‌కి ఫోను చేస్తామా?

ప్రతిపాదన పెట్టిన తమ్ముళ్లు మంచివాళ్లు. వినాయక చవితి పందిరికి రాత్రంతా కర్రలు మోసేది వాళ్లే. సంఘానికి ఆదాయం రావాలనే వాళ్ల ఆలోచనని మేము తప్పు పట్టం. కానీ "పెద్దవాళ్లకి కొత్తదంటే భయం" అని గ్రూపులో రాశారు చూడండి, దానికి జవాబు చెప్పకుండా ఉండలేం. మాకు కొత్తదంటే భయం లేదు. ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం పెట్టమంటేనే భయం.

వచ్చే ఆదివారం సమావేశంలో మా ఓటు వద్దు అనే. అంతకంటే ముందు ఒక పని చేద్దాం. ఏజెంటుని ఆ సమావేశానికే రమ్మనండి. ఇంజను నంబరూ ఫ్రేము నంబరూ కనపడేలా ఫొటోలు, మొదటి రిజిస్ట్రేషన్ నకలు, దిగుమతి ఏ నియమం కింద చేస్తాడో రాతపూర్వకంగా, సుంకం లెక్క విడిగా, సైడ్‌కారు ఏ పక్కన ఉందో ఒక మాట, ఇవి పట్టుకురమ్మనండి. అడ్వాన్సు 2 లక్షలు శుక్రవారంలోపు వెయ్యాలని అతను తొందరపెడుతున్నాడట. శుక్రవారం వెయ్యకండి. కోశాధికారి గారూ, డిపాజిట్టు రసీదు మీ బీరువాలోనే ఉంచండి. ఆదివారం టీ, పకోడీ ఖర్చు మేము పెట్టుకుంటాం.