ఫిజీలో మన ఇంటిపేర్లు

ఏప్రిల్ చివర్లో బడికి తాళం పడిందంటే చక్రాయపేట చుట్టుపక్కల పిల్లలకు ఒకప్పుడు రెండే దిక్కులు. ఒకటి అవ్వోళ్లూరు, రెండోది గండి. పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే ఆ చోట వీరాంజనేయస్వామికి దండం పెట్టుకుని, ఏటి ఇసుకలో ఆడి, సద్ది విప్పుకుని తింటే వేసవి విహారం అయిపోయినట్లే. ఇప్పుడు అవే ఊళ్లలో సెలవుల ముచ్చట్లు మారాయి. కువైట్‌లో పనిచేసే నాన్న ఎప్పుడొస్తాడా అని కొన్ని ఇళ్లు చూస్తుంటే, సిడ్నీలోనో డాలస్‌లోనో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి ప్రయాణం కట్టే అమ్మానాన్నలు మరికొన్ని ఇళ్లలో.

అలా సిడ్నీ చేరిన ఒక జంటను ఊహించుకోండి. మేలో వెళ్తారు, మూడు నెలలుంటారు. జులైలో మనవడికీ మనవరాలికీ రెండు వారాలు సెలవులు. మనకు వానలు మొదలయ్యే ఆ రోజుల్లో అక్కడ చలి. సీమ ఎండలకు అలవాటుపడిన ఒళ్లు, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసినా వణుకుతూనే ఉంటుంది. కాస్త వెచ్చగా ఉండే చోటికి పోదామని కొడుకు టిక్కెట్లు తీస్తాడు. ఎక్కడికంటే, ఫిజీకి! నాలుగు గంటల విమానం. జులై అక్కడ పొడి కాలం. ఎండ ఉంటుంది గానీ మాడ్చదు.

మూడు వందలకు పైగా దీవులున్న దేశమది. విమానం దిగే ఊరిని రాయడం ‘నాడి’ అని రాస్తారు, పలకడం మాత్రం ‘నాండి’. ఫిజీ భాషలో ‘డ’ రాస్తే ముందు సున్నా చేర్చుకుని చదవాలి. ఎదురైన ప్రతివాళ్లూ నవ్వుతూ ‘బులా’ అంటారు. బతుకు, ఆయుష్షు అని దాని అర్థం. ఊరి దగ్గరే వంతెనతో కలిపిన దెనరావు దీవిలో పెద్ద పెద్ద హోటళ్లుంటాయి. మామనూథా దీవులకు పడవలు కదిలేది అక్కడి నుంచే. ‘కాస్ట్ అవే’ సినిమా తీసిన మోనురికి దీవి వాటిలోదే. పిల్లలకు ఇక ఒడ్డుకు రావాలనిపించదు. నీళ్లలో తల ముంచితే చాలు, పగడాల మధ్య రంగురంగుల చేపలు. అవ్వ మాత్రం చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, మోకాలిలోతు దాటి ఒక్క అడుగు వేయదు.

రెండు రోజులు ఇలా గడిపి, ఫొటోలు దిగి, సిడ్నీకి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. అలా వచ్చేస్తే చూడాల్సిన ఫిజీ చూడనట్లే. నాండి ఊళ్లోకి టాక్సీ ఎక్కినప్పుడు డ్రైవరు కార్డు మీద పేరు చూడాలి. రెడ్డి అనో, నాయుడు అనో, రావు అనో ఉండొచ్చు. పులివెందుల పక్క నుంచి వచ్చిన అబ్బకు ప్రాణం లేచొచ్చినట్లే. “ఏ ఊరు నాయనా మీది?” అని తెలుగులో అడిగేస్తాడు. ఆ రెడ్డి గారికి ఒక్క ముక్క అర్థం కాదు. మా ఆజాకు వచ్చు, మాకు రాదు అని హిందీలో చెప్పి నవ్వేస్తాడు. ఆజా అంటే అక్కడి హిందీలో నాన్నకు నాన్న.

ఆ ఆజాలు అక్కడికి ఎలా చేరారన్నది పెద్ద కథ. చెరకు తోటల్లో పనికి బ్రిటిష్ సర్కారు 1879లో భారతీయుల్ని ఫిజీకి తరలించడం మొదలుపెట్టింది. ముందు కలకత్తా నుంచి, 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. 1916 దాకా వెళ్లినవాళ్లు అరవై వేలకు పైమాటే. అందులో మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లు పదిహేను వేల పైచిలుకు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లు వీళ్లలో ఉన్నారు. ఉత్తర ఆర్కాటు నుంచీ చాలామంది వెళ్లారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ప్రాంతం ఆ ఉత్తర ఆర్కాటులోదే. అంటే రాయలసీమ పొలిమేరల దాకా ఏజెంట్లు తిరిగారన్నమాట.

వేలిముద్ర వేసిన కాగితం పేరు అగ్రిమెంట్. నోరు తిరగక అది ‘గిర్మిట్’ అయింది, వేసినవాళ్లు గిర్మిటియాలయ్యారు. ఐదేళ్ల ఒప్పందం. రోజుకు తొమ్మిది గంటల పని, శనివారం ఐదు గంటలు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు అని కాగితంలో ఉండేది. చెప్పినంత పని పూర్తికాకపోతే ఆ కూలీ కూడా చేతికొచ్చేది కాదు. ఉండటానికి ‘లైన్లు’. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పున్న గదిలో ముగ్గురు మగవాళ్లో, ఒక కుటుంబమో సర్దుకోవాలి. ఏజెంటు చెప్పిన పని ఒకటి, దిగాక చేసే పని ఇంకొకటి అన్న సంగతి కడప జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కువైట్ వెళ్లొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తేడా అల్లా, వీళ్లకు తిరుగు విమానం ఉంది. గిర్మిటియాలకు ఐదేళ్లయ్యాక సొంత ఖర్చుతో, పదేళ్లయితే సర్కారు ఖర్చుతో తిరుగు ప్రయాణం. ఎక్కువమంది రాలేదు. అక్కడే పొలం కౌలుకు తీసుకుని చెరకు వేసుకున్నారు.

నాండి నుంచి రాజధాని సువాకు బస్సులో నాలుగు గంటల దారి. జులైలో వెళ్తే చెరకు కోతల కాలం. దారి పక్కన బుల్లి రైలు పట్టాలు, చెరకు లారీలు కనిపిస్తూనే ఉంటాయి. ఎదురు దిక్కున లౌటోకాలో 1903లో మొదలైన చక్కెర మిల్లు ఉంది. మద్రాసు ఓడలు రావడం మొదలైందీ, ఆ మిల్లు తిరగడం మొదలైందీ ఒకే ఏడు!

సువాలో దిగాక ముందు వెళ్లాల్సింది నుకులావుకు. నగరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న దీవి. సువా కుటుంబాలు సెలవు రోజున అన్నం మూటలు కట్టుకుని పడవలో వెళ్లే పిక్నిక్ చోటు. ఇసుక, కొబ్బరి చెట్లు, పిల్లల కేరింతలు... ఓడ దిగిన కూలీలను తోటలకు పంచేముందు ఉంచింది ఈ దీవిలోనే. ఎవరికైనా అంటురోగం ఉందేమోనని ఇక్కడే ఆపి చూసేవారు. నెల రోజులు సముద్రం మీద ఊగి వచ్చినవాళ్లు తొలిసారి కాలు మోపిన నేల ఇది. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరినొకరు ‘జహాజీ భాయ్’ అనుకునేవారు. కులం, ఊరు, ఇంటి వరస అన్నీ పోయి మిగిలిన చుట్టరికం అదొక్కటే. తర్వాత ఎవరు ఏ తోటకో! దీవి కథ అక్కడితో ఆగలేదు. 1999లో ఫిజీకి తొలి భారతీయ సంతతి ప్రధాని అయిన మహేంద్ర చౌదరిని 2000 మేలో జార్జ్ స్పైట్ మనుషులు పార్లమెంటులోనే 56 రోజులు బందీగా ఉంచారు. పట్టుబడ్డాక స్పైట్‌ను పెట్టిన జైలు ఈ నుకులావే. 2006లో అతణ్ని అక్కడి నుంచి మార్చాక మళ్లీ పిక్నిక్ పడవలు మొదలయ్యాయి.

నగరంలో చూడాల్సినవి దగ్గర దగ్గరే ఉంటాయి. థర్‌స్టన్ తోటలో ఫిజీ మ్యూజియం ఉంది. గిర్మిటియాల వస్తువులకు అందులో విడిగా చోటిచ్చారు. మార్కెట్ మేడ మీద పసుపు, ధనియాలు, పప్పులు, వాటి పక్కనే యంగోనా వేళ్ల కట్టలు. ఆ వేళ్లు దంచి నీళ్లలో పిసికి తాగడం అక్కడి మర్యాద. రుచి మట్టి నీళ్లలా ఉంటుందని ముందే చెప్పడం మంచిది. జులై, ఆగస్టుల్లో హోవెల్ రోడ్డు మారియమ్మ గుడిలో నిప్పుల గుండం తొక్కుతారు. చూస్తే అవ్వకు కొత్తేమీ అనిపించదు.

అన్నిటికంటే విలువైనది జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఇచ్చిన పాసు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు, అన్నీ దాని మీద ఉంటాయి. తమ మూలం వెతుక్కునే ఫిజీవాళ్లకు ఆధారం ఆ కాగితమే. చిక్కల్లా, తెలుగు ఊరి పేరును ఇంగ్లిష్ గుమాస్తా విన్నట్లు రాసుకున్నాడు. పేర్లదీ అదే గతి. మనిషి పేరే కాలక్రమంలో మనవల ఇంటిపేరైపోయింది.

పేరు చెక్కుచెదరకుండా పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రతిపక్ష నేతగా ఫిజీ రాజకీయాల్లో చాలాకాలం వెలిగిన జైరామ్ రెడ్డి, 1997లో అక్కడి ఆదివాసీ నాయకుల మహాసభలో మాట్లాడిన తొలి భారతీయ నేత. తర్వాత రువాండా నరమేధం కేసులు విన్న అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశారు. 2022లో కన్నుమూశారు.

భాష సంగతికొస్తే, తెలుగువాళ్లు ఊరకే కూర్చోలేదు. 1926లో పుట్టిన దక్షిణాది సంఘంలో తమ భాషకు చోటు చాలడం లేదని 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు నడిపారు, తెలుగు నేర్పారు. అయినా వీధిలో, పొలంలో, మిల్లులో నడిచింది హిందీ. దక్షిణాది వాళ్లందరూ ఒకే మాటలో ‘మద్రాజీ’లు. ఇంట్లో మాట్లాడని భాషను బడి ఎంతకాలం మోస్తుంది? మూడో తరానికి తెలుగు పెళ్లి మాటల్లో, గుడి పాటల్లో మిగిలింది.

ఫిజీ భూమిలో ఎనభై శాతానికి పైగా ఆదివాసీ తెగలది. 1987లో సైనిక తిరుగుబాట్లు, 1997 నుంచి కౌలు గడువులు తీరడం, 2000 నాటి గొడవ... ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1986లో జనాభాలో దాదాపు 49 శాతం ఉన్న భారతీయ సంతతి 2007కు 37 శాతానికి తగ్గింది. ఆక్లాండ్, వాంకూవర్, సిడ్నీలకు చాలామంది మళ్లీ వలసపోయారు. 2023లో గిర్మిట్ రోజును తొలిసారి దేశమంతటా సెలవు దినం చేశారు. 1987 తిరుగుబాటు చేసిన సితివేని రబుకాయే అప్పుడు ప్రధాని. ఆయనే క్షమాపణ చెప్పారు.

సెలవులయ్యాక కుటుంబం సిడ్నీకి వస్తుంది. శివార్లలోని లివర్‌పూల్‌లో ఫిజీ భారతీయుల సరుకుల దుకాణాలున్నాయి. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వాళ్లూ వస్తారు, మనవాళ్లూ వస్తారు. దర్శనం వరసలో అవ్వ వెనక్కి తిరిగి “కాళ్లు నొప్పులా నాయనా, ఎత్తుకోనా?” అంటే మనవడు ఇంగ్లిష్‌లో జవాబిస్తాడు. అవ్వకు అది అర్థం కాదు. కోడలు మధ్యలో తెలుగు చేసి చెబుతుంది. వెనకే నిలబడిన ఫిజీ పెద్దావిడకు ఇంగ్లిష్ ముక్క అర్థమవుతుంది, తెలుగు ముక్క కాదు.