చిన్న బండ ఎవరు నింపాలి?

పిల్లల్ని గుంటూరులోనో ఒంగోలులోనో గదిలో పెట్టి చదివిస్తున్న మా వైపు ఇళ్లల్లో ఈ మధ్య ఒకటే లెక్క నడుస్తోంది. పిల్లాడి గదిలో ఉన్న చిన్న గ్యాస్ బండకి బయట డబ్బులు పోయడం దేనికి, ఇంట్లో పెద్ద బండ ఉండగా? పండక్కి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటే ఓ పైపు పెట్టి మనమే పట్టేస్తే పోలా? మా పక్కింటామె అయితే "ఏడాదికి మూడు బండలు ప్రభుత్వమే ఇస్తోంది కదొదినా, ముగ్గురున్న ఇంట్లో అంత గ్యాస్ ఏం చేసుకుంటాం?" అంటుంది. 2024 నవంబరులో దీపం-2 వచ్చాక ఈ మాటకు మరీ బలం వచ్చింది. మా వారు కూడా ఆవిడ పార్టీయే.

వాళ్ల లెక్క తప్పని నేననను. ఇంటి బండలో 14.2 కిలోలుంటుంది, దాని ధర మీద ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. పెట్రోలు బంకుల్లో అమ్మే ఐదు కిలోల బండకి ఆ అండ లేదు, మార్కెట్ ధరే. కిలోకి ఎంతని చూస్తే గదిలో ఉన్న పిల్లాడు మనకంటే ఎక్కువ కడుతున్నాడు. ఆ తేడా మీదే సందుల్లో దొంగచాటు ఫిల్లింగు బతుకుతోంది.

అయినా ఇంట్లో పట్టడానికి నేను ఒప్పుకోను. బండలో ఉండేది గాలి కాదు, ఒత్తిడితో ద్రవంగా మారిన గ్యాస్. వేడికి ఆ ద్రవం పొంగుతుంది. అందుకే ప్లాంటులో నిండుగా నింపరు, పైన కొంత ఖాళీ వదులుతారు. తూకం వేసి మరీ నింపుతారు. ఇంట్లో పట్టేవాళ్లకి ఆ ఖాళీ ఎంతుందో ఎలా తెలుస్తుంది? చేత్తో ఎత్తి చూసి "నిండింది" అంటారు! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ఊళ్లు మనవి. పైకప్పు రేకులున్న గదిలో, నిండా దట్టించిన బండ పక్కన పిల్లాడు పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఇంకొకటి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. కారిందంటే పైకి పోదు, నేల మీదే పాకి గడప దగ్గరో మంచం కిందో పేరుకుంటుంది. కిటికీ తీశాం కదా అని ధైర్యపడితే లాభం లేదు. దాన్ని అంటించడానికి పొయ్యే వెలగక్కర్లేదు, దేవుడి దగ్గర దీపం చాలు, ఫ్రిజ్ లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పైగా ధర కోసం ఆగి సగం గదినిండా పత్తి పోసుకునే ఇళ్లు మనవి. ఆ పత్తికి నిప్పు తగిలితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

బజార్లో దొరికే ఊరూపేరూ లేని బండల సంగతి సరేసరి. కంపెనీ బండకి పైన పట్టీ లోపల ఏ, బి, సి, డి లలో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే మార్చి లోపు, బి అంటే జూన్ లోపు... ఆ గడువుకి బండని మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. మనం బంకులో డబ్బు కట్టేది గ్యాస్‌కి మాత్రమే కాదు, ఆ అక్షరానికీ, ఆ తూకానికీ కూడా.

ఇలా పట్టడం చట్టం ప్రకారం నేరం. అప్పుడప్పుడూ దాడులు చేసి బండలు పట్టుకున్నారని పేపర్లో ఫొటోలు వస్తాయి. నాలుగు రోజులకి పక్క సందులో మళ్లీ మొదలు. కొనేవాడి అవసరం అలాగే ఉన్నప్పుడు అమ్మేవాడు ఎక్కడికి పోతాడు?

మన పిల్లలదైనా నయం, తండ్రి సంపాదన ఉంది. పత్తి తీతకి, మిరప కోతకి కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాజెల్లాతో వచ్చే కూలీల్ని చూడండి. చేను గట్టున గుడారం వేసుకుంటారు. ఎక్కువమంది పత్తి కట్టె మీదే వండుకుంటారు. వలస వచ్చినవాళ్లు చిరునామా కాగితం లేకున్నా సొంత హామీ మీద కనెక్షన్ తీసుకోవచ్చని 2021లో ఉజ్వల రెండో విడతలో అన్నారు, మంచిదే. కానీ రెండు మూడు నెలలు ఉండిపోయేవాళ్లు పెద్ద బండ ఎక్కడ మోసుకు తిరుగుతారు? వాళ్లకి సరిపోయేది ఐదు కిలోలది. గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, మార్కెట్ ధరకి. డాబా ఇంట్లో నాకు కిలో తక్కువకి, గుడారంలో ఆమెకి కిలో ఎక్కువకి! ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

ఆధార్ చూసి, ఏడాదికి ఇన్నని లెక్కపెట్టి, ఆ ఐదు కిలోల బండని కూడా ఇంటి ధరకే ఇస్తే దొంగ ఫిల్లింగుకి గిరాకీ ఎక్కడుంటుంది? దాడులకయ్యే శ్రమ దీని మీద పెట్టొచ్చు కదా. అది జరిగేదాకా మా చిన్నాడి బండ బంకులోనే మారుతుంది. అన్నం కరెంటు కుక్కర్లో వండుకుంటాడు, గదిలో ఇద్దరూ చెరిసగం వేసుకుంటారు. ఆ ఖర్చు నెల పద్దులో పాల పక్కన రాస్తున్నాను.